స్త్రీల కంఠమునకు తగిన కరోకే పాటలు



కొంతకాలము క్రిందట కోదాడలో మా బంధువుల యింట పెండ్లికి వెళ్లితిని. రాత్రి భోజనములైన పిదప పందిటిలో నొక పాటల పెట్టెను తెచ్చి నిలిపిరి. అందులో వాద్యములు మాత్రము మ్రోగును; పాడువారి గొంతు ఉండదు. తెరమీద పాట మాటలు నడచుచుండును. మైకు పట్టుకొన్నవారు వానిని చూచుచు పాడవలెను. దీనినే కరోకే అందురు. యువకులు కొందరు పాడిన తరువాత నాకు వదినె వరుసయగు నొక యిల్లాలిని అందరును బలవంతపెట్టిరి. ఆమెకు ఏబది యేండ్లుండును. తన యూరిలో బతుకమ్మనాడు పాట ఎత్తునది ఆమెయే. మైకువాడు అంతకుముందు ఒక కుర్రవాడు పాడిన పాటనే, అదే శ్రుతిలో, మరల పెట్టెను. పల్లవిలో ఆమె గొంతు క్రిందికి దిగిపోయి వినబడలేదు. స్థాయి మార్చి పైకెత్తుకొనగా చరణమున పగిలిపోయెను. కుర్రవాండ్రు నవ్విరి. ఆమె మైకు నిచ్చివేసి, "నాకు గొంతు లేదు" అని కూర్చుండెను. ఆ యేడు బతుకమ్మనాడు గూడ ఆమె పాట ఎత్తక వలయము చివర నిలిచినదని విని నాకు చాల కష్టము తోచినది.

ఆమెకు గొంతు లేకపోవుట కాదు. ఆమె చేతి కిచ్చిన పాట ఆమె శ్రుతిలో లేదు. ఇప్పుడు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో ఫంక్షను హాలున జరుగు పెండ్లికైనను, ఇంటిలో జరుగు సీమంతమునకైనను ఈ పెట్టె వచ్చుచున్నది. చేతిలోని ఫోనులో గూడ కరోకే ఉన్నది. పెట్టెను తెప్పించునది, డబ్బు చెల్లించునది తరచుగా ఇంటి పెద్దలే. కావున ఈ సంగతి పెద్దలకే విన్నవించుచున్నాను.

ఈ పెట్టె పుట్టినిల్లు జపాను దేశము. జపాను భాషలో "కర" అనగా శూన్యము. "ఓకే" యనునది ఆర్కెస్ట్రా అను మాటకు వారు చేసికొన్న పొట్టిరూపు. గాయకుడు లేని వాద్యగోష్ఠి యని భావము. 1967వ సంవత్సరమున టోక్యోలో షిగెయిచి నెగిషి అనునతడు ఇట్టి యంత్ర మొకటి చేసెను. (మన వైపు నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలినదియు ఆ యేడే.) 1971లో కోబె పట్టణమున దైసుకె ఇనొవె అను వాద్యకారుడు వేరుగా తన యంత్రమును నిర్మించెను. ఇతని కథ మనకు పనికివచ్చునది. ఇతడు పానశాలలలో పాడుకొనువారికి వాద్యము వాయించి జీవించువాడు. ఒక వ్యాపార సంస్థ యజమాని తన ప్రయాణమునకు వెంటరమ్మని కోరగా, ఇనొవె తాను వెళ్లజాలక, వాద్యమును టేపుపై పట్టి యిచ్చెను. ఆ యజమాని గొప్ప గాయకు డేమియు కాడు. ఆయన పాడగలిగిన తీరుననే వాద్యము సాగెను. తరువాత ఇనొవె పదునొకండు పెట్టెలు చేయించి పానశాలలకు అద్దె కిచ్చెను. పేటెంటు తీసికొనలేదు, లోకమంతయు దానిని అనుకరించినది. 2004లో అమెరికాలో పరిహాసముగా నిచ్చెడి ఇగ్ నోబెల్ శాంతి బహుమానము ఇతనికి లభించినది. మనుష్యు లొకరి పాట నొకరు సహించుట నేర్చికొనుటకు ఇతడు క్రొత్త దారి చూపెనట!

పాడువానికి అనుకూలముగా వాద్యము నడచుట ఈ యంత్రమునకు పుట్టుకతో వచ్చిన గుణము. మన పందిళ్లలో అది తలక్రిందులైనది. పెట్టె యెట్లు మ్రోగిన నట్లు మనిషి పాడవలసి వచ్చుచున్నది.

భజన మందిరమున హార్మోనియము వాయించువారికి శ్రుతి సంగతి తెలియును. పురుషులు సాధారణముగా ఒకటవ శ్రుతి మొదలు రెండవ శ్రుతి వరకు సుఖముగా పాడుదురు. స్త్రీలు అయిదు, అయిదున్నర, ఆరు శ్రుతులలో పాడుదురు. మగవాని పాటను అతని శ్రుతిలోనే స్త్రీ యెత్తుకొన్నచో క్రింది స్వరములు అందవు; స్థాయి పెంచి యెత్తుకొన్నచో పై స్వరములు అరపు లగును. మా వదినెకు జరిగినది ఇదియే. దీనికి మందు ఆ పెట్టెలోనే యున్నది. శ్రుతిని హెచ్చించుటకును తగ్గించుటకును మీటలు కలవు. ఒక్కసారి నొక్కిన, హార్మోనియముపై తెలుపు నలుపు మెట్లన్నిటిని లెక్కించినపుడు ఒక మెట్టెంతయో అంత జరుగును. ఒకటవ శ్రుతినుండి అయిదు మెట్లు దిగినచో క్రింది స్థాయిలోని అయిదవ శ్రుతి వచ్చును. స్త్రీ దానికి పై స్థాయిలో హాయిగా పాడవచ్చును. కాని మరీ ఎక్కువగా జరిపినచో వాద్యముల నాదము వికారమగును. అట్టి పాటను మానుకొని, స్త్రీలు పాడిన పాటనే యెన్నుకొనుట మంచిది.

అయితే స్త్రీలు పాడిన పాటలన్నియు తేలిక కావు. శంకరాభరణము చిత్రము (1980)లో ఎస్. జానకి, వాణీ జయరాం పాడిన పాటలు చెవులకు అమృతము. వేడుకకు మైకు పట్టినవారు వానిని ముట్టరాదు. గమకములు, పొడుగాటి ఆలాపనలు గలవియు, ఊపిరి తీయ వ్యవధి నీయక మాటలు పరుగెత్తునవియు మొదట వదలిపెట్టుడు. పల్లవి సులభముగా నున్నదని మోసపోవుట గూడ కలదు. మన సినిమా పాటలలో పల్లవి తరచుగా నేలమీద నుండును, చరణము మిద్దె యెక్కును. కావున ముందు చరణమునందలి అత్యున్నతమైన చోటును పాడించి చూడవలెను. అచ్చట గొంతు బిగియకున్నచో మిగిలినదంతయు వచ్చును.

తేలిక పాట యెట్లుండునో మన స్త్రీలకు మరియొకరు నేర్పనక్కరలేదు. సూర్యాపేట సద్దుల చెరువు కట్టపై బతుకమ్మలు పెట్టి యాడునప్పుడు పాటను గమనింపుడు. కొన్ని స్వరములలోనే అది తిరుగును. ఒకామె పాదము నెత్తును. తక్కినవారు "ఉయ్యాలో" అని యందుకొందురు. ఆలోపల ఆమె ఊపిరి తీసికొనును. చప్పట్లే తాళము, అడుగులే నడక. గంటల తరబడి పాడినను గొంతు రాయదు. నాట్లపాట లక్షణమును ఇదియే. బురదలో వంగి నడుముపట్టినవారు పాడవలసిన పాట కష్టముగా నుండిన నెట్లు? (ఈ నడుమ బతుకమ్మ యొద్దను పెద్ద పెట్టెలు పెట్టి, పట్టిన పాటలనే మ్రోగించి, ఆడువారిచేత ఊరక అడుగులు వేయించుచున్నారు. అది నాకు రుచింపదు.)

ఈ కొలతతో సినిమా పాటలను చూచినచో కొన్ని చక్కగా సరిపోవును. మాయాబజారు (1957)లో ఘంటసాల, పి. లీల పాడిన లాహిరి పాట మోహనరాగము. అది పడవవలె తొందరలేక సాగును. ఇద్దరు పంచుకొని పాడునది కావున విశ్రాంతియు దొరకును. మోహనమున మధ్యమ నిషాదములు లేవు. వింత యేమనగా, జపానువారి పాటలును అనేకములు ఈ యైదు స్వరములపైననే నడచును. నాల్గవ స్వరమును, ఏడవ స్వరమును విడిచినదను అర్థమున దానిని వారు "యొనానుకి" అందురు. ఆ రెండు స్వరములును లేనందున అరమెట్టు దూరములు తప్పిపోవును. అభ్యాసము లేని గొంతు శ్రుతి జారుట తక్కువ. లవకుశ (1963)లో పి. లీల, పి. సుశీల పాడిన పాటలు మన యిండ్లలో పెద్దవయసు స్త్రీలకు చాలమందికి కంఠస్థములు. తెర చూడక పాడగల పాట సగము తేలికయైనట్లే. అక్షరములు చదువుటకు కన్ను పరుగెత్తుచుండగా చెవి శ్రుతిని మరచును. చదువురాని వారికిని ఇట్టి పాటయే తగినది.

మంగళహారతులకు, జోలపాటలకు కరోకే దొరకనిచో విచార మక్కరలేదు. ఫోనులో తంబురా నాదము పెట్టి పాడించిన చాలును.

మొన్న నేను వదినె యింటికి వెళ్లి హార్మోనియము ముందు పెట్టుకొంటిని. "నాతో నేల మరిదీ, ఆ ముచ్చట వద్దు" అని ఆమె ముఖము త్రిప్పుకొనెను. పాడుమని నే ననలేదు. ఆమె బియ్యము చెరుగుచు తనలో తాను కూనిరాగము తీయుచుండగా మెట్టు వెదకితిని. సరిగా అయిదవ శ్రుతి. తరువాత ఫోనులో పెండ్లినాటి ఆ పాటనే తీసి, అయిదుమార్లు క్రిందికి నొక్కి వినిపించితిని. ఆమె చేట ప్రక్కన పెట్టి పల్లవి, చరణము రెండును పాడినది. ఎక్కడను గొంతు పగులలేదు. వచ్చు మాఘమున మా యింట శుభకార్యమున్నది. అందు పాడెదనని ఒప్పుకొన్నది గాని, ఆనాడు నవ్విన కుర్రవాండ్రు ముందువరుసలో కూర్చుండి తనకు "ఉయ్యాలో" పలుకవలెనని నియమము పెట్టినది.