ఇంట కట్టిన విమానము: రెక్క మోయు బరువు

ఇంటి కొట్టములో సెలవు దినములయందు కూర్చుండి తమ విమానమును తామే కట్టుకొనువారున్నారనిన మీలో కొందఱికి వింతగా తోచవచ్చును. అమెరికాలోని మినెసోటా రాష్ట్రమున బెర్నార్డ్ పీటెన్‌పోల్ అను నతడు 1929 ప్రాంతమున ఫోర్డు కారు ఇంజనును బిగించి, కొయ్యతోను గుడ్డతోను ఒక రెండు సీట్ల విమానమును కట్టెను. దాని పటములను చూచి నేటికిని జనులు అట్టివానిని కట్టుచునే యున్నారు. 1953లో మిల్వాకీ నగరమున ఇట్టివారికొక సంఘము కూడ వెలసినది.

నేను విమానమును కట్టినవాడను గాను. బలముల లెక్కలు చదువుకొన్నవాడను. అట్టి విమానమును గూర్చి వినినప్పుడెల్ల నాకు మొదట తోచు ప్రశ్న అది యెంత వేగముగా పోవునని కాదు. దాని రెక్క యెంత బరువు మోయును? ఆ లెక్క ఎవరు వేసిరి? వేసిన లెక్కను కట్టినవాడు మన్నించెనా?

కావడి మోయువానిని మీరు చూచియే యుందురు. బద్దకు రెండు కొనలను బిందెలు, నడుమ భుజము. బద్ద విఱిగినచో భుజము కడనే విఱుగును గాని కొనను విఱుగదు. విమానపు రెక్కయు తలక్రిందులైన కావడిబద్దయే. గాలి రెక్క పొడుగునను క్రిందినుండి ఎత్తుచుండును. నడుమనున్న మనుష్యులు, ఇంజను, పెట్రోలు క్రిందికి లాగుచుండును. కావున రెక్క లోపలి దూలము మొండెమును కలిసికొను చోటనే వంపు మిక్కుటము. అచటి నాలుగు బోల్టుల మీదను, రెండు మూరల దూలము మీదను ఇద్దఱి ప్రాణములు ఆధారపడియుండును.

కావడివాడు నిలిచియున్నప్పుడు బద్దపై బిందెల బరువు మాత్రమే పడును. వాడు పరుగెత్తినచో అడుగడుగునకు బద్ద వంగి లేచును. బిందెలో నీరు పెరుగలేదు, బద్దపై పడు బరువు మాత్రము పెరిగినది. విమానమునకును ఇంతే. తిన్నగా పోవునప్పుడు రెక్క తన విమానపు బరువునే మోయును. దీనిని ఒక ‘జీ’ అందురు. ఎత్తు కోల్పోక 45 డిగ్రీలు ఒఱగి తిరిగినచో అది 1.4 జీలగును, 60 డిగ్రీలు ఒఱగిన రెండు జీలు, 75 డిగ్రీలు ఒఱగిన దాదాపు 3.9. అనగా 600 కిలోల విమానము ఆ క్షణమున 2,300 కిలోలు తూగుచున్నట్లే. ఎండకాలపు సుడిగాలి క్రిందినుండి తన్నినప్పుడును ఇట్లే బరువు పెరుగును. దానికి నడుపువాని అనుమతి అక్కఱలేదు.

అమెరికాలో తేలిక క్రీడావిమానములకు ఏర్పఱచిన ప్రమాణము ప్రకారము రెక్క కనీసము నాలుగు జీల బరువును మోయవలెను. దీనిని హద్దు బరువు అందము. హద్దు వఱకు మోసి దింపిన పిమ్మట రెక్క తన పూర్వపు ఆకృతికి రావలెను. ఎక్కడను వంపు మిగులరాదు. దానికి ఒకటిన్నర రెట్లు, అనగా ఆరు జీలు, తుది బరువు. తుది బరువు క్రింద రెక్క వంగి పాడుకావచ్చును గాని మూడు సెకండ్లైనను విఱుగక నిలువవలెనని విమానశాస్త్రమున చిరకాలపు నియమము.

దీనిని పరీక్షించు పద్ధతి చాల పాతది, చాల సులభమైనది: విమానమును వెల్లకిలవేసి రెక్కలపై ఇసుక బస్తాలు పేర్చుట. 600 కిలోల విమానమున రెక్కలే 100 కిలోలు తూగుననుకొనుడు. రెక్క తన బరువును తాను గాలిలోనే మోసికొనును గావున నాలుగు జీలయందు దూలపు మొదటిపై పడునది మిగిలిన 500 కిలోలకు నాలుగు రెట్లు, 2,000. వెల్లకిల పడియున్న రెక్క బరువు 100 అందులో చేరియే యున్నది. కావున ఇసుక 1,900 కిలోలు, అనగా 50 కిలోల బస్తాలు 38, ప్రక్కకు పందొమ్మిది. తుది బరువునకు 58 బస్తాలు కావలెను. బస్తాలను గాలి ఎత్తు తీరుననుసరించి, మొదట ఎక్కువగాను కొనకు పోను తక్కువగాను పేర్చవలెను. తన విమానమున ఎగురదలచినవాడు 38 కడ ఆగుట మంచిది. 58 మోసిన రెక్క పరీక్షలో నెగ్గినను మఱల ఎగురుటకు పనికిరాదు.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన మాటకు వచ్చితిని. నాలుగింటికిని ఆరింటికిని నడుమనున్న రెండు జీలను చూచి “ఇంకను చాల మిగిలియున్నది గదా” అనువారు కలరు. చెరువుకట్టను నిండు నీటిమట్టము కంటె ఎత్తుగా వేయుదురు. ఆ మీది భాగమును చూచి ఇంకను నీరు నింపుడనిన ఊరివారు ఊరకుందురా? అలల తాకిడికి, ఎలుక బొరియలకు, మట్టి క్రుంగుటకు అది యెప్పుడో ఖర్చు వ్రాయబడినది. రెక్కలోని మిగులును అట్టిదే. కొయ్యలో ఈనె కొంచెము ఏటవాలుగా నుండును. జిగురు ఒకచోట పలుచనగును. రివెట్టు రంధ్రము వంకరపోవును. రేకు నానాటికి అలసిపోవును. ఇవియన్నియు ఆ సగము మిగులులోనుండియే తినుచుండును. వంతెనలు కట్టువారివలె రెండింతలు మూడింతలు మిగులు పెట్టుకొందమన్నచో విమానము నేల విడువదు. ఆ మిగులు చిన్నది గనుకనే దానిని ముట్టరాదు.

తెలియకయే దానిని ముట్టువారు పెక్కండ్రు. కట్టువానికి తన విమానమన్న ముద్దు. మెత్తని సీట్లు వేయును, రంగు రెండు పూతలు ఎక్కువ పూయును, పటములోనున్న దానికంటె పెద్ద ఇంజను దొరికినదని బిగించును. 600 కిలోలకు లెక్కించిన విమానము 700 అగును. రెక్క మాత్రము వెనుకటి రెక్కయే. అది మోయగల 2,400 కిలోల హద్దును 700తో భాగించిన వచ్చునది నాలుగు జీలు గాదు, 3.4. కాగితము మీద నాలుగనియే యుండును. తూనిక వేయనిదే ఈ దొంగతనము బయటపడదు.

వేగము సంగతి ఇంతకంటె సూక్ష్మమైనది. రెక్క ఎత్తగల బరువు వేగపు వర్గముననుసరించి పెరుగును. 40 నాట్ల వేగమున గాలి పట్టు విడిచి పడిపోవు విమానము, 80 నాట్లలో ఎంత గట్టిగా కఱ్ఱను లాగినను నాలుగు జీలకు మించి ఎత్తలేదు. అంతకు మించబోయిన రెక్కయే గాలి పట్టు విడిచి బరువు దించుకొనును. 120 నాట్లలో అదే రెక్క తొమ్మిది జీలను పుట్టింపగలదు, ఆరింటికే విఱుగును. కావుననే గాలి కుదుపులలో వేగము తగ్గింపుమని చెప్పుదురు.

బరువు పైకే గాక క్రిందికిని పడునని 1912లో గాని పలువురకు తెలియలేదు. 1909 జూలై 25న ఇంగ్లీషు కాలువను దాటిన లూయీ బ్లేరియో విమానములలో రెక్కలు కొన్ని గాలిలో విఱిగినవి. పై తీగలు నేలమీద రెక్కను మోయుటకే చాలుననుకొనిరి. ముక్కును చటాలున దించినప్పుడు గాలి రెక్కను పైనుండి క్రిందికి నొక్కునని తలపలేదు. ఆ లోపమును బ్లేరియోయే బహిరంగముగా వ్రాసెను. ఫ్రెంచి సైన్యము తీగలు బలపఱచువఱకు ఆ విమానములను ఎగురనీయలేదు. తన సరకులోని లోటును తానే చెప్పుట వర్తకునకు సులభము గాదు.

మన కాలమున జెనిత్ సీ.హెచ్. 601 ఎక్స్.ఎల్. అను రెండు సీట్ల లోహవిమానము కథ ఇట్టిదే. భాగముల పెట్టెను తెప్పించుకొని ఇంటికడ రివెట్లు బిగించి కట్టుకొనినవారు దీనికి పెక్కండ్రు. 2006 మొదలు ఆఱు విమానములు గాలిలోనే విఱిగి పదిమంది చనిపోయిరి. 2009 ఏప్రిల్‌లో అమెరికా రవాణా భద్రతామండలి వీనిని నేలమీదనే నిలుపుమని కోరెను. పిమ్మటి పరిశీలనలో ఒక్క కారణమే తేలలేదు. 600 కిలోల విమానమునకు ఉండవలసినంత బరువును రెక్క లెక్కలలో తీసికొనలేదని తేలినది. వేగమాపకపు దిద్దుబాటులో పొరపాట్లు కానవచ్చినవి. రెక్క చివర కదలు పలకలు జెండావలె రెపరెపలాడు ప్రమాదమును బయటపడినది. ఈ రెపరెప మొదలైనచో అది తన్ను తానే పెంచుకొనుచు క్షణములలో రెక్కను చీల్చును. ఏ మిగులును దాని ముందు చాలదు.

అదే సంవత్సరము నవంబరులో దూలమును బలపఱచుటకును, పలకలకు ప్రతిభారములు కట్టుటకును పటములు వెలువడినవి. ఇచట చట్టములోని చిక్కు ఒకటి కలదు. ఇంట కట్టినదానికి చట్టప్రకారము నిర్మాత ఆ యింటివాడే. అందుచేత ప్రభుత్వము దిద్దుబాటు చేయువఱకు ఎగురవలదని వానికి గట్టిగా సలహా చెప్పెనే గాని ఫ్యాక్టరీ విమానమునకు వలె ఆజ్ఞ ఇయ్యలేదు. ఏండ్ల తరబడి సాయంకాలములు వెచ్చించి బిగించిన రివెట్లను తానే తొలిచి, రంగు పూసిన రేకును విప్పి, లోపలి దూలమునకు క్రొత్త పట్టీలు వేయుటయో, మానుటయో, అతడే నిశ్చయించుకొనవలసి వచ్చినది. పలువురు విప్పిరి. ఆ విమానములు మఱల ఎగిరినవి.