అక్షరం ఎవరికి అందుతున్నది?

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథ ముగింపు మీద నేను రాసిన వ్యాసమొకటి ఒక సాహిత్య పత్రిక వెబ్‌సైటులో వచ్చింది. మా బడిలో చదువుకుని, ఇప్పుడు తెలుగు ఎం.ఏ. చేస్తున్న అమ్మాయికి ఆ సంగతి చెప్పాను. ఆమెకు పుట్టుకనుంచీ చూపు లేదు. పుస్తకాలన్నీ కంప్యూటరుచేత చదివించుకుని వింటుంది. మర్నాడు ఫోను చేసింది. “మాస్టారూ, మీ వ్యాసం తెరిచానండీ. ఇంగ్లీషు అక్షరాలూ, కామాలూ, బ్రాకెట్లూ తప్ప ఒక్క తెలుగు మాటా వినిపించలేదు” అన్నది. నా తెర మీద మాత్రం అది చక్కని తెలుగే. ఇలా ఎందుకు జరుగుతున్నదో రచయితలు తెలుసుకోవటం అవసరమనుకుని యీ వ్యాసం రాస్తున్నాను.

కంప్యూటరు అక్షరాన్ని బొమ్మగా కాక అంకెగా దాచుకుంటుంది. ఆ అంకెకు తెర మీద ఏ ఆకారం తొడగాలో చెప్పేది ఫాంటు. డీటీపీ తొలిరోజుల్లో తెలుగు అక్షరాలకు సొంత అంకెలు వాడుకలో లేవు. అందువల్ల ఇంగ్లీషు అక్షరాల అంకెలకే తలకట్టూ, గుడీ, కొమ్మూ, వత్తుల ఆకారాలు తొడిగారు. లోపల ఇంగ్లీషు, పైన తెలుగు వేషం. అచ్చుకు ఆ వేషం చాలు, కాగితం మీదికి వచ్చేది ఆకారమే గనుక. 1991లో వెలువడిన యూనికోడ్ తెలుగు లిపికి విడిగా 128 స్థానాలు కేటాయించింది. అందులో ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. ఏ దేశంలో ఏ యంత్రం మీదయినా అవి అవే.

చూపులేనివారు వాడే స్క్రీన్ రీడరు వేషాన్ని చూడదు. లోపలి అంకెను చదివి, దాన్ని గొంతుగానో, వేళ్ల కింద బ్రెయిలు చుక్కలుగానో మారుస్తుంది. ఇవేమీ ధనవంతుల పరికరాలు కావు. ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు మైకేల్ కరన్ 2006లో మొదలుపెట్టి, తనలాగే చూపులేని జేమ్స్ టే తో కలిసి పెంచిన ఎన్వీడీఏ ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. అయినా మన పత్రికలు చాలావరకు అచ్చుకోసం పాత ఫాంటులో కూర్చిన ఫైలునే పీడీఎఫ్ చేసి వెబ్‌సైటులో పెడుతున్నాయి. స్కాన్ చేసిన వెనకటి సంచికలలో అయితే అక్షరాలే వుండవు, వున్నవి పుటల ఫోటోలు. కవితను రంగుల బొమ్మ మీద వేసి పంచటం మరొక ఆచారం. ఫోటోనుంచి అక్షరాలు గుర్తుపట్టే సాధనాలు వచ్చిన మాట నిజమే గాని, అవి వత్తుల దగ్గర తడబడతాయి. కవిత్వంలో ఒక వత్తు తప్పితే ఏమవుతుందో సాహిత్య విద్యార్థులకు నేను చెప్పనక్కర లేదు.

ఇది ఆ అమ్మాయి వైకల్యమా, ఆ పత్రిక వైకల్యమా? బ్రిటన్‌లో వికలాంగులే నడుపుకున్న ఒక సంఘం 1976లో ప్రచురించిన పత్రం యీ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పింది. శరీరంలోని లోపం వేరు, ఆ లోపమున్నవారిని సమాజం తన ఏర్పాట్లద్వారా బయటకు నెట్టటం వేరు. ఈ రెండోదే అణచివేత. 1983లో మైక్ ఆలివర్ యీ దృక్పథానికి ‘సామాజిక నమూనా’ అని పేరుపెట్టాడు. భౌతిక పరిస్థితులనుంచి ఆలోచన ప్రారంభించాలనే మనకు ఇది పరాయి వాదం కాదు. కాని మన కథల్లో గుడ్డివాడు ఎక్కువగా జాలికో, ప్రతీకకో పనికివచ్చాడు గాని, మన పాఠకుడుగా మనకు తట్టలేదు. 2015 డిసెంబరులో ప్రధాని ‘దివ్యాంగులు’ అనే మాట సూచించాడు. పేరు తొందరగానే మారింది, వెబ్‌సైట్లు మారలేదు.

2011 జనాభా లెక్కల్లో వికలాంగులు 2 కోట్ల 68 లక్షలు, వారిలో చూపు లోపమున్నవారు 50 లక్షలు. 2016 చట్టం సమాచారం వారికి అందే రూపంలో వుండాలన్నది. దానికింద చేసిన 15వ నిబంధన మాత్రం సలహాగానే మిగలటంతో, 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు అందులోని ప్రధానభాగాన్ని కొట్టివేసి, తప్పనిసరి ప్రమాణాలు రూపొందించమన్నది. డిజిటల్ సేవలు అందుకోగలగటం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న మరో తీర్పులో చెప్పింది. కాపీహక్కు అడ్డమనే సాకు కూడా చెల్లదు. వికలాంగులు చదవగల రూపంలోకి పుస్తకాలను మార్చుకోవటానికి 2012 సవరణ అవకాశమిచ్చింది.

వెబ్‌సైట్ల నిర్మాణానికి అంతర్జాతీయ సూత్రాలు 1999నుంచీ వున్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఇంజనీర్ల పని. కొంత మాత్రం అచ్చంగా మనదే. ఉపశీర్షికను లావు అక్షరాల్లో పెట్టి ఊరుకుంటే స్క్రీన్ రీడరుకు అది మామూలు వాక్యమే. శీర్షికగా గుర్తుపెడితే, వినేవారు ఒక మీట నొక్కి నేరుగా అక్కడికి పోగలరు. ‘ఇక్కడ నొక్కండి’ అని పదిచోట్ల రాస్తే పదీ ఒకేలా వినిపిస్తాయి.

బొమ్మ సంగతి ఇంకా ఆలోచించదగ్గది. ప్రతి బొమ్మవెనకా కంటికి కనపడని ఒక వాక్యం పెట్టటానికి వెబ్‌సైటులో చోటుంటుంది. దాన్ని ఆల్ట్ పాఠం అంటారు. చాలాచోట్ల అది ఖాళీ, లేదా ఫోటో ఫైలు నెంబరు. ఇప్పుడు యంత్రాలే బొమ్మను వర్ణిస్తున్నాయి కదా అంటారు కొందరు. యంత్రం ‘పొలంలో నిలబడిన స్త్రీ’ అంటుంది. ఆ స్త్రీ కోతకు వచ్చిన కూలీయా, కౌలుకిచ్చిన ఆసామీయా, ఆ కథకు ఆ బొమ్మ ఎందుకు కావాలి అన్నది చెప్పవలసినవాడు రచయిత. రూపం వస్తువుకు లోబడాలని వాదించే విమర్శకులం, యీ ఒక్క వాక్యం రాయటానికి బద్ధకిస్తున్నాం. నేనూ రాయలేదు.

వాడుకభాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తి సవరల మధ్య తిరిగి, జ్వరానికి క్వినైను పుచ్చుకుని, వినికిడి పోగొట్టుకున్నాడని ఆయన జీవితకథలు చెబుతాయి. ఆయన జయంతి సభల వీడియోలు కొన్ని చూశాను. నేను చూసినవాటిలో ఒక్కదానికీ ప్రసంగం అక్షరాల్లో లేదు. అంటే ఆ సభలో తన గురించి ఏమన్నారో ఆయనకే తెలియదు.

పత్రికనుంచి నా వ్యాసం ఫైలు తెప్పించుకుని, పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే సాధనంలో వేశాను. చెదిరిన వత్తులు సరిచేయటానికి రెండు సాయంత్రాలు పట్టింది. అమ్మాయికి పంపాను. మూడో రోజున ఫోను. “ఇంకా నాలుగుచోట్ల తప్పులున్నాయండీ, చెబుతాను రాసుకోండి. అదలా వుంచి, ముగింపులో సీతారాముడు చేసిన పనిని మీరు నిస్పృహ అన్నారు. నేనొప్పుకోను మాస్టారూ” అన్నది. గంటసేపు వాదించుకున్నాం. ఆమె తన వాదాన్ని రాసి యీ పత్రికకు పంపుతానన్నది.