తోటలోని విగ్రహము: స్థావరమా? జంగమమా?

తోటలో పీఠముపై నిలిచిన శిలావిగ్రహము స్థావరమా, జంగమమా? కొబ్బరిచెట్టువలె నేలకు చెందినదా, కుర్చీవలె ఇంటివాడు వెంట గొనిపోదగినదా? ఇది వ్యాజ్యములకు మాత్రమే పనికివచ్చు ప్రశ్నయని తోచవచ్చును. కాని ఇందు అంతకుమించి విచారింపదగిన యంశము గలదు. శిలకు అర్థము శిల్పి యులినుండి మాత్రమే రాదు. అది నిలిచిన చోటినుండియు వచ్చును.

ఇంగ్లండులో బకింగుహాముషైరునందలి స్టో అను పల్లెసౌధపు ఉద్యానమును ఉదాహరణముగ గైకొందము. పదునెనిమిదవ శతాబ్దమున కాబ్‌హాము ప్రభువు దానిని పెంచెను. 1733లో సుంకపు బిల్లు విషయమున ప్రధానమంత్రి వాల్పోలుతో ఆయనకు వైరము గలిగెను. ఆ పిమ్మట ఆయన తన రాజకీయాభిప్రాయములను తోటలో రాతితోనే వ్రాయించెనని చెప్పవచ్చును. కెంటు అను వాస్తుశిల్పి నిర్మించిన ‘బ్రిటిషు మాన్యుల మందిరము’న ఆల్ఫ్రెడు రాజు, షేక్స్‌పియరు, మిల్టను, న్యూటను మున్నగు 16 మంది ప్రతిమలు గూళ్లలో నేటికిని ఉన్నవి. నీటికి ఆవలి వైపున, మెరకపై, ‘ప్రాచీన ధర్మ మందిరము’ కలదు. అందు హోమరు, సోక్రటీసు మొదలగువారి విగ్రహములను నిలిపిరి. దాని చేరువనే, కావలెనని శిథిలముగ గట్టించిన ‘నవీన ధర్మ మందిరము’. అందు తలలేని యొక విగ్రహము. అది వాల్పోలేయని చూపరులు గ్రహించిరి. ఆ మొండెమును వేఱొక తోటకు తరలించినచో అది వట్టి విఱిగిన రాయి. సోక్రటీసు పొరుగున నున్నంతవఱకే అది రాజకీయ విమర్శ.

ఆ వైభవము నిలువలేదు. రెండవ బకింగుహాము డ్యూకు అప్పులపాలగుటచే 1848లో సౌధమునందలి సామగ్రిని 40 దినములు వేలము వేసిరి. 1921లో మఱల వేలము జరిగెను. వారపు దినములకు పేళ్లిచ్చిన సాక్సను దేవతల విగ్రహములు ఏడింటిని రైస్‌బ్రాకు అను శిల్పి ఆ తోటకై చెక్కియుండెను, అవియు చెల్లాచెదరైనవి. వానిలో రెండు లండనులోని విక్టోరియా ఆల్బర్టు మ్యూజియమున జేరినవి. 1989లో తోట నేషనల్ ట్రస్టు వశమైనది. పోయిన విగ్రహములు పెక్కింటికి నకళ్లు చేయించి నిలుపుట యిప్పుడు అచ్చటి పనులలో నొకటి.

ఇట్టి విక్రయములనుగూర్చి ఆంగ్ల న్యాయస్థానములు చెప్పిన తీర్పులు ఏకముఖముగ లేవు. 1866లో హార్లాక్‌స్టను సౌధపు వ్యాజ్యమున, విగ్రహములును రాతి ఆసనములును తమ బరువుచేతనే నిలిచియున్నను, సౌధ నిర్మాణ ప్రణాళికలో భాగములగుటచే నేలతోడివేయని తీర్పు వచ్చెను. నూఱేండ్లకు పైబడి గడచిన పిమ్మట మఱియొక వ్యాజ్యమున పీఠము స్థావరము, దానిపైనున్న అర టన్ను విగ్రహము జంగమము అనిరి! వార్విక్‌షైరులోని ఇడ్లికోటు సౌధపు సీసపు కలశములు రెండు 2009లో అమ్ముడువోయినవి. అవి రక్షిత కట్టడముల పట్టికలో నుండినవి. 2020లో సుప్రీము కోర్టు, పట్టికలో పేరున్నంత మాత్రమున వస్తువు కట్టడము కాదనియు, పరిమాణము, శాశ్వతత్వము, నేలతోడి సంబంధము చూచి నిర్ణయింపవలెననియు పలికినది.

స్టో వేలమునాటికి పాతికేండ్ల యువకుడైన డ్యూకు కుమారుడు తెలుగు పాఠకులకు అపరిచితుడు కాడు. మూడవ డ్యూకుగా 1875 మొదలు 1880 వఱకు చెన్నపురి రాజధానికి గవర్నరుగా నుండినవాడాయనయే. 1877–78 కఱవు పనులలో త్రవ్వి కలిపిన బకింగుహాము కాలువకు ఆ పేరు ఆయననుబట్టియే వచ్చినది. 1880లో అమరావతి దిబ్బను సాంతముగ త్రవ్వింప నాజ్ఞ యిచ్చినదియు ఆయన ప్రభుత్వమే.

అప్పటికే అమరావతి శిల్పములు చాలవఱకు దేశాటనము చేసియుండెను. 1797లో మెకంజీ దొర స్తూపమును చూచునాటికే, వాసిరెడ్డి వేంకటాద్రినాయుడుగారి నూతన నగర నిర్మాణమునకు అచ్చటి రాళ్లు పోవుచుండెను. 1830 ప్రాంతమున రాబర్ట్‌సను దొర కొన్ని పలకలను బందరునకు గొనివచ్చి క్రొత్త అంగడిచోటును అలంకరించెను. వానిలో కొన్నింటిని రేవు అధికారి అలెగ్జాండరు తన తోటలో నిలుపుకొనెను. అవి చెన్నపట్టణపు మ్యూజియమునకు చేరునప్పటికి ఏండ్లు పట్టెను. 1845లో ఎలియటు త్రవ్వించిన పలకలు చెన్నపట్టణమున ఎండకు వానకు పడియుండి, 1859లో ఓడయెక్కి లండను చేరినవి. 1867లో ఫెర్గుసను పండితుడు వానిని ఫైఫు హౌసు బండ్లశాలలో కనుగొనెను! బుద్ధుని గాథలు చెక్కిన రాళ్లు తోటకు సొగసులైనవి, బండ్లశాలకు బరువులైనవి.

1880 నాటి ఆజ్ఞ దురుద్దేశముతో నిచ్చినదని అనజాలము. ఫలితము మాత్రము దిబ్బయున్న చోట గొయ్యి మిగులుటయే. ఏ పలక యే దిక్కున, దేని ప్రక్కన నుండెనో తెలిసికొనుటకు పండితులు నేడు 1816లో మెకంజీ మఱల వచ్చి వ్రాయించిన పటములను ఆశ్రయింపవలసియున్నది. ఆయన కాగితము కాపాడినంతమాత్రము తరువాతివారి గడ్డపాఱలు కాపాడలేదు.

మనకు 1972 నాటి పురావస్తు శాసనము కలదు. నూఱేండ్లు నిండిన శిల్పము ప్రైవేటువారి చేతులమీదుగా దేశపు గడప దాటకుండ అది నిషేధించుచున్నది. కాని పొలముగట్టుననున్న వీరగల్లు బంగళాతోటకు పోకుండుటకు ఊరివారి మెలకువయే దిక్కు. ఆంధ్రమున నేమి, తెలుగువారు తరతరములుగ వసించు తమిళ కన్నడ ఓఢ్ర సీమలలో నేమి, శాసనస్తంభములు, భగ్న ప్రతిమలు పెక్కులున్నవి. తరలించుట తప్పనిసరియైనచో, ముందుగ ఛాయాచిత్రము తీయవలెను. కొలతలు, దిక్కు, ఇరుగుపొరుగు రాళ్లు, తేది వ్రాసి ఒక ప్రతి గ్రామ పంచాయతీలో ఉంచవలెను. ఇందులకు వ్యయము స్వల్పము. అట్టి చీటి యొకటి బందరు తోటలోని పలకలకు జతపడియుండినచో, స్తూపమున వాని స్థానమును నేడు ఊహింపవలసిన పని తప్పియుండెడిది.