మరకలు చెప్పిన రంగు

అబ్దుల్లాపూర్‌మెట్‌లో మా ఇంటికి విజయవాడ హైవే మీది లారీల హోరే తప్ప రైలు కూత వినపడదు. అయినా పోయిన వేసవి సెలవుల్లో మా ఇంట్లో గొడవంతా రైలు గురించే!

మా మామయ్యగారు కాజీపేటలో గూడ్సు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన పుట్టినరోజుకి ఇద్దామని మావాడు అట్టతో గూడ్సు బండి చేశాడు. అసలు బండిలో ఎనభై ఏడో వంతు. ఇంజనూ, వ్యాగన్లూ అయ్యాయి. చివరి గార్డు పెట్టెకి ఏ రంగు వేయాలన్న దగ్గర పని ఆగింది. ఆయన్నే అడుగుదామంటే ముందే తెలిసిపోతుంది. పైగా ఇప్పుడాయనకి చూపు బాగా తగ్గింది. "కనిపించదుగా, ఏదో ఒకటి వేసేయ్" అనబోయి నాలిక్కరుచుకున్నాను.

మావాడు అమెరికా గార్డు పెట్టె బొమ్మ చూపించాడు. 'కబూస్' అంటారట. నిగనిగలాడే ఎరుపు, నెత్తిన చిన్న గూడు. మనది అలా ఉండదు. నడుమ గది, రెండు చివర్లా వరండా.

ఇక పాత ట్రంకు పెట్టె తెరిచాం. గార్డు పెట్టె వరండాలో చేతిలో ఎర్రజెండాతో మామయ్యగారి ఫొటో దొరికింది. అయితే నలుపు తెలుపుది! భూతద్దం పెట్టి చూస్తే పెట్టె మీద దక్షిణ మధ్య రైల్వే అక్షరాలున్నాయి. ఆ రైల్వే ఏర్పడింది 1966 అక్టోబరు 2న. అంతకుముందు 1951 వరకు ఇక్కడ నిజాం రైల్వే, ఆ తర్వాత సెంట్రల్ రైల్వే. అంటే ఫొటో 1966 తర్వాతిదే. మరి రంగో? జెండా కంటే పెట్టె బాగా ముదురుగా ఉంది. కాబట్టి జెండా లాంటి ఎరుపు కాదు. గోధుమా, ఆకుపచ్చా, నలుపా? తేలలేదు.

వంటింట్లోంచి మా అత్తయ్యగారు వచ్చి ఫొటో చూసి, "దానికింత ఆలోచనెందుకే? ఇటికె రంగు. మీ మామయ్యవి తెల్ల యూనిఫాం బట్టలు. డ్యూటీ దిగొస్తే మోచేతులకీ, వెనకాలా ఆ ఎర్రటి పొడే. ఎన్నిసార్లు బండకేసి ఉతికానో నాకు తెలుసు" అన్నారు.

నిజమే! ఎండకీ వానకీ పాతబడిన రంగు పొడిపొడిగా రాలి బట్టలకి అంటుకుంటుంది. మరకలు ఉతికిన చేతుల కంటే పెద్ద సాక్ష్యం ఏముంది?

దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి ఇనుప గేట్లకి వేసే రెడ్ ఆక్సైడ్ చిన్న డబ్బా తెచ్చాం. చిన్న బొమ్మ మీద రంగు ముదురుగా కనిపిస్తుంది కనుక కాస్త తెలుపు కలపాలి. మెరుపు రంగులు వద్దు. ముందు అట్టముక్క మీద వేసి, ఆరాక ఎండలో చూసుకోవాలి.

పుట్టినరోజునాడు మామయ్యగారు వరండా కటకటాలు వేలితో తడిమి, "రంగేం వేశావురా?" అన్నారు.

"నానమ్మ ఉతికిన రంగు తాతయ్యా!"

ఆయన నవ్వి, అత్తయ్యగారి వైపు చెయ్యి చాచారు.

2022 జనవరి నుంచి గార్డుని 'ట్రైన్ మేనేజర్' అంటున్నారు. చివరి పెట్టెకి బదులు చిన్న యంత్రం బిగించే ఏర్పాట్లూ వచ్చాయి. మీ ఇంట్లోనూ రైల్వేలో చేసిన పెద్దలుంటే వాళ్ళనడిగి రాసి పెట్టుకోండి. వాళ్ళతోపాటు, వాళ్ళ బట్టలు ఉతికినవాళ్ళనీ అడగండి!