బంగారం అమ్మే అక్క... బందరు డాక్టరు

మేడారం జాతరలో బెల్లాన్ని బెల్లం అనరు. బంగారం అంటారు. 2024 ఫిబ్రవరిలో మా తోడికోడలితో కలిసి జాతరకి వెళ్లాను. జంపన్న వాగులో స్నానాలు చేసి, తడి తలలతోనే గద్దెల దారి పట్టాం. దారి పక్కన ఓ అక్క బెల్లం ముద్దలు పేర్చుకుని కూర్చుంది. అలవాటు కొద్దీ బేరమాడాను.

"బేరం జెయ్యకక్కా, అప్పు దెచ్చి పెట్టిన బంగారం ఇది. నూటికి ఐదు రూపాల మిత్తి" అంది నవ్వుతూనే.

"నెలకా?"

"నెలకే. ఇరవై వేలు దెచ్చిన."

అంటే నెలకి వెయ్యి రూపాయలు. ఏడాది తిరిగితే పన్నెండు వేలు. అసలు మాత్రం అలాగే ఉంటుంది!

"బ్యాంకుకి పోలేదా?" అన్నాను.

"పోయిన. మీ ఆయన్ని తోలుకరా అన్నరు. ఆయనుంటే గదా!"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేనూ ఓ బ్యాంకులో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేసి రిటైరైనదాన్ని. వేలిముద్ర వేసే ఆడవాళ్లు వస్తే "రేపు మీ ఆయన్ని వెంట పెట్టుకు రామ్మా" అని నేనూ అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. కౌంటరు ముందు రద్దీగా ఉన్నప్పుడు అదే సులువైన జవాబు. అలా వెళ్లినవాళ్లలో ఎందరు మళ్లీ వచ్చారో నేనెప్పుడూ లెక్క చూసుకోలేదు.

ఒక్క మార్కు ప్రశ్న

ఇంటికొచ్చాక ఎందుకో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు గుర్తొచ్చారు. బ్యాంకు పరీక్షకి చదివే రోజుల్లో 'ఆంధ్రా బ్యాంకు స్థాపకుడెవరు?' అన్నది మాకు ఒక్క మార్కు ప్రశ్న. పేరు బట్టీ పట్టాను గానీ మనిషి సంగతి పట్టించుకోలేదు. ఇన్నేళ్లకి తీరిగ్గా చదివాను.

ఆయన 1880 నవంబరు 24న, ఇప్పటి ఏలూరు జిల్లాలో ఉన్న గుండుగొలనులో పుట్టారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో డిగ్రీ, ఆ తర్వాత వైద్యం చదివి బందరులో డాక్టరుగా స్థిరపడ్డారు. ఆ ప్రాక్టీసు చూసుకుంటే హాయిగా గడిచిపోయేది. కానీ దాన్ని వదిలి స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లారు.

ఉద్యమమంటే ఉపన్యాసాలే అనుకోలేదాయన. అప్పట్లో పల్లెల్లో రైతుకి అవసరం పడితే వడ్డీ వ్యాపారే దిక్కు. పంట పోయిన ఏడు అప్పు కొండంతయ్యేది. డబ్బు దగ్గర ఒకరి చెప్పుచేతల్లో ఉన్న మనిషికి స్వరాజ్యం వచ్చినా ఏం లాభం? 1915లోనే కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు ఏర్పాటుకి పూనుకున్నారు. 1923 నవంబరులో లక్ష రూపాయల మూలధనంతో బందరులో ఆంధ్రా బ్యాంకు తెరిచారు. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ పెట్టారు.

ఓడినా ఆగలేదు

1939లో ఆయన కాంగ్రెస్ అధ్యక్ష పదవికి సుభాష్ చంద్రబోస్ మీద పోటీ చేశారు. గాంధీజీ మద్దతు ఉన్నా ఓడిపోయారు. బోస్‌కి 1580 ఓట్లు, ఆయనకి 1377. అది తన ఓటమే అని గాంధీజీ బాహాటంగా చెప్పుకున్నారు. అంత పెద్ద ఓటమి తర్వాత మరొకరైతే ఇంట్లో కూర్చునేవారేమో! ఆయన 1942లో క్విట్ ఇండియా ఉద్యమంలో అరెస్టై, నెహ్రూ, పటేల్ వంటి నాయకులతో పాటు అహ్మద్‌నగర్ కోటలో సుమారు మూడేళ్లు బందీగా గడిపారు. 1948లో పురుషోత్తమ్ దాస్ టాండన్‌ని ఓడించి అదే అధ్యక్ష పదవిని గెలిచారు. రాజ్యాంగ సభలో సభ్యుడిగా ఉన్నారు. 1952 నుంచి 1957 దాకా మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేశారు. 1959 డిసెంబరులో కన్నుమూశారు.

ఆయన బ్యాంకు 1980లో జాతీయమైంది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బోర్డు మీద పేరు మారింది, సరే. మరి ఆ బ్యాంకు పుట్టిన కారణం తీరిందా? నూరేళ్లు దాటాక కూడా ఐదు రూపాయల మిత్తి మేడారం దారి పక్కనే కూర్చుంది కదా!

సమ్మక్క కథ మొదలైందీ ఇలాంటి బాకీ దగ్గరే. కరువొచ్చి కప్పం కట్టలేమంటే కాకతీయ సైన్యం దండెత్తి వచ్చిందని చెబుతారు. తల్లీ కూతుళ్లు కత్తి పట్టి ఎదురు నిలిచారు. కట్టలేని బాకీ మనిషిని ఎంతవరకు తీసుకెళుతుందో ఆ గద్దెల దగ్గర నిలబడితే తెలుస్తుంది.

ఆ రోజు ఆ అక్క దగ్గర బేరం మానేసి అడిగినంతా ఇచ్చాను. అంతటితో నా మనసు కుదుటపడలేదు. నా ఫోన్ నంబరు కాగితం మీద రాసిచ్చి, "మీ ఊళ్లో మహిళా సంఘం ఉందా? అందులో చేరు. సంఘానికి బ్యాంకు అప్పిస్తుంది, దానికి మీ ఆయన సంతకం అక్కర్లేదు" అని చెప్పాను. సంఘాలకి బ్యాంకులు అప్పులిచ్చే పద్ధతి 1992లో నాబార్డు మొదలుపెట్టింది. ఆ సంగతి ఆమెదాకా చేరవేయాల్సింది నాలాంటివాళ్లమే.

మూడు నెలలకి ఫోనొచ్చింది. "అక్కా, సంఘంల జేరిన. నా పేరు మీద పుస్తకం గూడ ఇచ్చిండ్రు. సంతకం నేర్సుకుంటున్న."

ఆ రాత్రి నాకు బాగా నిద్రపట్టింది.

మీ ఇంట్లో పనిచేసే ఆమెకి, మీ వీధిలో కూరలమ్మే ఆమెకి పాస్‌బుక్కుందా? ఉంటే అది ఎవరి దగ్గరుంది? ఒక్కసారి అడిగి చూడండి. లేదంటే ఈ సోమవారం ఓ గంట తీరిక చేసుకుని ఆమెతో పాటు బ్యాంకు గడప ఎక్కండి. "రేపు రామ్మా" అని కౌంటర్లో ఎవరైనా అంటే, పక్కన మీరుండాలి మరి!