చిట్టెలుక మూత్రములోని మాంసకృత్తులు – వానిని ప్రతిరక్షకముచే గుర్తించు విధానము

మానవుని మూత్రమున మాంసకృత్తు విశేషముగ కనబడినచో వైద్యుడు మూత్రపిండములను శంకించును. ఆరోగ్యవంతుడు దినమునకు 150 మిల్లీగ్రాములకు లోపుగనే దానిని విసర్జించును. చిట్టెలుకల విషయమున ఈ న్యాయము చెల్లదు. యౌవనమందున్న మగ చిట్టెలుక ఏ వ్యాధియు లేకయే మిల్లీలీటరు మూత్రమునందు 10 మిల్లీగ్రాములకు మించిన మాంసకృత్తును విడుచుట సామాన్యము. మూత్రపిండ వ్యాధులకు ఉద్దేశింపబడిన ఔషధములు పలుమారు మొదట ఈ జంతువులపైననే పరీక్షింపబడుచున్నవి. కావున ఈ భేదమును మరచినవారు ఆరోగ్యమును రోగముగను, రోగమును ఆరోగ్యముగను పొరబడుదురు. ఈ పొరపాటును నివారించు సాధనములలో ముఖ్యమైనది ప్రతిరక్షకము. అది పనిచేయు తీరును, దానిని ఎంతవరకు నమ్మవచ్చునో దానిని ఇచట వివరింతును.

ఈ మాంసకృత్తు ఎక్కడిది?

దీనిని ప్రధాన మూత్ర మాంసకృత్తు అందురు. ఇది ఒక్కటి కాదు, ఒక కుటుంబము. చిట్టెలుక యొక్క 4వ క్రోమోసోముపై దీనికి సంబంధించిన జన్యువులు ఇరువదికి పైగా గలవు. ఇది ముఖ్యముగ కాలేయమునందు తయారై, రక్తమున కలసి, మూత్రపిండముల జల్లెడను దాటి బయటికి వచ్చును. దీని అణుభారము సుమారు 19,000. రక్తములోని ఆల్బుమిన్ అణుభారము సుమారు 66,000. చిన్నది గనుక ఇది జల్లెడను సులభముగ దాటును. ఆరోగ్యముగ నున్న మూత్రపిండము ఆల్బుమిన్‌ను మాత్రము దాదాపుగ నిలిపివేయును.

ఈ మాంసకృత్తు గిన్నెవలె నుండి, వాసనగల పదార్థములను తన గర్భమున నిలుపుకొని మెల్లమెల్లగ విడుచును. అందువలన చిట్టెలుక వేసిన మూత్రపు గుర్తు చాలసేపు తన యజమానిని చాటుచుండును. మగవానియందు హార్మోనుల ప్రభావమున ఇది అధికముగ పుట్టును. ఇందలి యొక రకము ఆడ చిట్టెలుకలను ఆకర్షించునని 2010లో లివర్‌పూల్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు వెల్లడించి, జేన్ ఆస్టిన్ నవలా నాయకుడగు డార్సీ పేర దానికి 'డార్సిన్' అని నామకరణము చేసిరి.

ప్రతిరక్షకము చేయు పని

శరీరములోనికి పరాయి పదార్థము ప్రవేశించినపుడు, దానిని గుర్తించి అంటుకొనుటకు రక్తమున పుట్టు మాంసకృత్తే ప్రతిరక్షకము. తాళమునకు తాళపుచెవి వలె అది తన పదార్థమునకు తగియుండును. శుద్ధిచేసిన చిట్టెలుక మాంసకృత్తును కుందేలునకు సూదిద్వారా ఎక్కించినచో, కొన్ని వారములలో దాని రక్తమున తగిన ప్రతిరక్షకములు పుట్టును. చిట్టెలుకనే ఇందుకు ఉపయోగించిన ఫలము తక్కువ; అది తన మాంసకృత్తును పరాయిదిగ నెంచదు గదా!

పరీక్షావిధానము ఇట్టిది. మూత్రమును నీళ్ళతో బాగుగ పలుచన చేసి, జెల్ అను మెత్తని పలకలో విద్యుత్తు నడుపుదురు. చిన్న మాంసకృత్తులు ముందునకు సాగును, పెద్దవి వెనుకబడును. వానిని ఆ వరుసలోనే నైట్రోసెల్యులోజు పొరపైకి దింపుదురు. పొరపై ఖాళీ తావులను పాలపొడి ద్రావణముతో కప్పి, పిమ్మట కుందేలు ప్రతిరక్షకమును పోయుదురు. అది తన మాంసకృత్తును మాత్రమే పట్టుకొనును, మిగిలినదానిని కడిగివేయుదురు. కుందేలు ప్రతిరక్షకమును పట్టుకొను రెండవ ప్రతిరక్షకమునకు ఎంజైమును జతపరచి యుంచుటచే, అది అంటిన చోట రంగో వెలుగో కనబడును. ఈ పొర పద్ధతి 1979లో ప్రచారమునకు వచ్చినది. పరిమాణమును కొలుచుటకు 1971 నాటి ఎలీసా పద్ధతి అనుకూలము.

పొరబాటునకు తావులు

ప్రతిరక్షకము చెప్పినదెల్ల సత్యమని తలంపరాదు. ఈ కుటుంబములోని మాంసకృత్తులు ఒకదానినొకటి మిక్కిలి పోలియుండును. కావున సాధారణ కుందేలు ప్రతిరక్షకము కుటుంబమునంతను పట్టుకొనునే గాని, అందలి యొకదానిని వేరుపరచలేకపోవచ్చును. చిట్టెలుకనుండి వచ్చిన ప్రతిరక్షకమును వాడినచో, రెండవ ప్రతిరక్షకము నమూనాలోని చిట్టెలుక ప్రతిరక్షకములను గూడ పట్టి, లేని గీతను చూపగలదు. మూత్రమును పలుచన చేయనిచో గీతలు అలుకుకొనిపోవును. కావున శుద్ధమైన మాంసకృత్తును, మాంసకృత్తు లేని నమూనాను, మొదటి ప్రతిరక్షకము పోయని పొరను ప్రక్కప్రక్కన నుంచి పోల్చవలెను. చిట్టెలుక త్రాగిన నీటినిబట్టి మూత్రపు చిక్కదనము మారును గనుక, ఫలితమును క్రియాటినిన్ పరిమాణముతో సరిచూతురు.

ఎందుకీ శ్రమ?

ఒక క్రొత్త మందు మగ హార్మోనును తగ్గించినదనుకొందము. ప్రధాన మూత్ర మాంసకృత్తు తగ్గును. మొత్తము మాంసకృత్తును మాత్రమే కొలిచినవారికి మూత్రపిండము బాగుపడినట్లు తోచును. నిజమునకు ఆల్బుమిన్ యథాప్రకారము కారుచునే యుండవచ్చును. ఆల్బుమిన్‌నకు వేరు ప్రతిరక్షకముతో, ప్రధాన మూత్ర మాంసకృత్తునకు వేరు ప్రతిరక్షకముతో పరీక్షించినపుడే నిజము బయటపడును. లేనిచో ఆ మందును నమ్మి సేవించు రోగి నష్టపడును.

మరియొక ప్రయోజనము గలదు. ఎండిన చిట్టెలుక మూత్రపు ధూళిని పీల్చిన ప్రయోగశాలా సేవకులలో కొందరికి తుమ్ములును ఉబ్బసమును కలుగును. దానికి ముఖ్యకారణము ఈ మాంసకృత్తే. మానవ శరీరము దీనిని తయారుచేయదు గనుక మనకది పరాయిది. గదిలోని ధూళియందు అది ఎంత యున్నదో కొలిచి, పనివారిని కాపాడుటకు గూడ ఈ ప్రతిరక్షకమే సాధనము. 'మాంసకృత్తు ఎంత?' యని మాత్రమే గాక 'ఏ మాంసకృత్తు?' అని యడుగుట ప్రయోగశాలలో ప్రవేశించు మన యువతీయువకులు మొదట నేర్వవలసిన అలవాటు.