నిద్రకూ ఒక వేళ

తెల్లవారి చాలాసేపయింది. ఎండ వాకిట్లోకి వచ్చింది. చిన్నోడు ఇంకా మంచం దిగలేదు.

"ఒరేయ్, లెయ్‌రా! అందరూ చెరువు పనికి పోయారు" అని తల్లి కేకేసింది. పలుకు లేదు.

"వాడొక కుంభకర్ణుడు. ఎంత పిలిచినా నీ గొంతే పోతుంది" అన్నాడు తండ్రి.

నిజానికి చిన్నోడు సోమరి కాడు. నాలుగు నెలలు ఆదోనిలో పత్తి మిల్లులో పని చేశాడు. రాత్రి షిఫ్టు. రాత్రంతా పత్తి మోసేవాడు. పగలు పడుకునేవాడు. పత్తి సీజను అయిపోయింది. ఇంటికి వచ్చాడు. కాని నిద్ర మాత్రం మిల్లు వేళల్లోనే ఉండిపోయింది. రాత్రి రెండు దాటినా కన్ను మూతపడదు. సెల్‌ఫోను చూస్తూ పడుకుంటాడు. పొద్దున పది గంటలైనా మెలకువ రాదు.

ఊళ్లో చెరువు పూడిక తీసే ఉపాధి పని జరుగుతోంది. ఎండాకాలం కాబట్టి తెల్లవారుతూనే మొదలుపెడతారు. తవ్విన మట్టిని కొలిచి కూలి కడతారు. ఒక మనిషి ఆలస్యంగా వస్తే జట్టంతటికీ నష్టమే. చిన్నోడు వరుసగా మూడు రోజులు ఆలస్యంగా వెళ్లాడు. నాలుగో రోజు జట్టులోని ఆడవాళ్లు ముఖం మీదే చెప్పారు.

"నీ నిద్రకు మా కూలి పోతోంది. వేళకు రాలేకపోతే రావద్దు."

చిన్నోడికి తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం నర్సమ్మ టీకాల సంగతి చెప్పడానికి వచ్చింది. తల్లి తన గోడు వెళ్లబోసుకుంది. నర్సమ్మ అంతా విన్నది.

"తిట్టకండమ్మా. వాడి ఒంట్లో గడియారం తప్పింది. దాన్ని సరిచేసుకోవచ్చు" అన్నది.

ఒంట్లో గడియారం

కోడి తెల్లవారుజామునే కూస్తుంది. దానికి వేళ ఎవరు చెప్పారు? చింత ఆకు పొద్దు గూకగానే ముడుచుకుంటుంది. తెల్లవారితే విప్పుకుంటుంది. 1729లో ఫ్రాన్సు దేశంలో ఒక శాస్త్రవేత్త అత్తిపత్తి లాంటి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా పగటి వేళకు దాని ఆకులు విప్పుకున్నాయి. అంటే వేళ తెలిసే ఏర్పాటు మొక్క లోపలే ఉన్నదన్నమాట.

మనిషిలోనూ అలాంటి గడియారం ఉంది. అది మెదడులో ఉంటుంది. ఒంట్లో ఇలాంటి గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టిన ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

చాలామందిలో ఈ గడియారం రోజుకు కాస్త వెనకబడుతుంది. దాన్ని రోజూ సరిచేసేది వెలుతురు. పొద్దున వెలుతురు కంట పడితే "తెల్లవారింది" అని గడియారం తెలుసుకుంటుంది. చీకటి పడ్డాక ఒంట్లో మెలటోనిన్ అనే పదార్థం ఊరుతుంది. అప్పుడు నిద్ర వస్తుంది. అర్ధరాత్రి దాకా ఫోను వెలుగు కళ్లలో పడితే అది ఊరడం ఆలస్యమవుతుంది. నిద్ర కూడా వెనక్కి జరుగుతుంది.

ఇంకొక సంగతి. నిద్ర కూడా ఆకలి లాంటిదే. సాయంత్రం నాలుగింటికి కడుపు నిండా తింటే రాత్రి అన్నం సహించదు. మధ్యాహ్నం దాకా పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు.

ముందు లేచే వేళ

"అయితే ఈ రాత్రి తొమ్మిదింటికే పడుకుంటా" అన్నాడు చిన్నోడు.

నర్సమ్మ నవ్వింది. "పడుకుంటావు, నిద్ర రావద్దూ? కన్ను మూయడం మన చేతిలో లేదు తమ్ముడూ. లేవడం మన చేతిలో ఉంది. ముందు లేచే వేళ కట్టుకో. పడుకునే వేళ దాని వెనకే వస్తుంది."

ఆమె ఒక లెక్క చెప్పింది. ఇప్పుడు పదింటికి లేస్తున్నాడు. రేపు తొమ్మిదిన్నరకు లేవాలి. ఎల్లుండి తొమ్మిదికి. రోజుకు అరగంట ముందుకు. అలా తొమ్మిదో రోజుకు అయిదున్నర అవుతుంది. ఎక్కడైనా కష్టమనిపిస్తే అదే వేళకు ఇంకొక రోజు ఆగవచ్చు. వెనక్కి మాత్రం పోకూడదు.

"అప్పటిదాకా పనికి నేను పోతాలే. నువ్వు పాపను చూసుకో" అన్నది వదిన.

చిన్నోడు ఇలా చేశాడు

ఫోనులో అలారం పెట్టి దూరంగా గూట్లో ఉంచాడు. మోగితే లేచి వెళ్లక తప్పదు. లేవగానే ముఖం కడుక్కుని అరగంట సేపు ఆరుబయట తిరిగాడు. సాయంత్రం టీ మానుకున్నాడు. టీలోని మత్తు వదలగొట్టే గుణం గంటల తరబడి ఒంట్లో ఉంటుంది. పడుకోవడానికి గంట ముందే ఫోను పక్కన పెట్టాడు.

మూడో రోజు రాత్రి ఎంతకీ నిద్ర పట్టలేదు. దొర్లుతూ పడుకోలేదు. లేచి అరుగు మీద చీకట్లో కూర్చున్నాడు. కళ్లు మూతలు పడుతుంటే మళ్లీ మంచం ఎక్కాడు. తెల్లవారి అనుకున్న వేళకే లేచాడు. ఆ రోజంతా ఒళ్లు బరువుగానే ఉంది. మధ్యాహ్నం రెండింటికి అరగంట మాత్రం కునుకు తీశాడు. ఆ రాత్రి నిద్ర తొందరగా వచ్చింది.

ఆరో రోజు రాత్రి చుట్టాలింట్లో పెళ్లి. పడుకునేసరికి రెండయింది. "ఈ ఒక్క రోజు పడుకోనీయమ్మా" అన్నాడు. "నర్సమ్మ ఏం చెప్పింది?" అన్నది తల్లి. ముందు రోజు లేచిన ఏడింటికే లేచాడు. ఒక్క రోజే కదా అని మధ్యాహ్నం దాకా పడుకుంటే గడియారం మళ్లీ తప్పుతుంది.

స్నేహితుడొకడు "ఒక గ్లాసు వేసుకో, హాయిగా నిద్ర పడుతుంది" అన్నాడు. ఇది పొరపాటు. మందు తాగితే ముందు మగతగా ఉంటుంది. తరవాత నిద్ర చెడిపోతుంది. డాక్టరు చెప్పకుండా నిద్ర మాత్రలు కూడా మింగకూడదు.

ఎంత నిద్ర కావాలి?

పెద్దవాళ్లకు రోజుకు కనీసం 7 గంటల నిద్ర కావాలి. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటలు. 6 నుంచి 12 ఏళ్ల పిల్లలకు 9 నుంచి 12 గంటలు. కాబట్టి బడి పిల్లలు ఎక్కువసేపు పడుకుంటే అది సోమరితనం కాదు. వాళ్లను తొందరగా పడుకోబెట్టాలి.

నిద్ర చాలని మనిషి బండి నడపకూడదు. రెప్పపాటు కునుకు చాలు, ప్రాణం పోవడానికి.

అలవాటా? జబ్బా?

కొందరు వేళకే పడుకుంటారు. తొమ్మిది, పది గంటలు నిద్రపోతారు. అయినా పగలంతా తూగుతుంటారు. ఇది అలవాటు కాకపోవచ్చు. రక్తం తక్కువైనా, థైరాయిడ్ సరిగా లేకపోయినా, షుగరు ఉన్నా ఒంట్లో నీరసం ఉంటుంది. జలుబుకు వేసుకునే కొన్ని మాత్రలు కూడా మత్తు తెస్తాయి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టయ్యే వాళ్లు తప్పకుండా డాక్టరుకు చూపించుకోవాలి.

మనసు బాగా లేనప్పుడు కూడా మంచం దిగబుద్ధి కాదు. ఏ పని మీదా ఆశ ఉండదు. అలాంటి మనిషిని తిట్టడం వల్ల మేలు జరగదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లాలి. 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. అది ప్రభుత్వం వారి ఉచిత సేవ.

మళ్లీ చెరువుకు

పదకొండో రోజు. ఇంకా మసక చీకటిగానే ఉంది. అలారం మోగకముందే చిన్నోడికి మెలకువ వచ్చింది. గడ్డపార తీసుకుని బయలుదేరాడు. పోతూ పోతూ తండ్రిని తట్టి లేపాడు.

"నాన్నా, లెయ్. పొద్దెక్కుతోంది."

తండ్రి కళ్లు నులుముకుంటూ లేచి కూర్చున్నాడు. "ఈ కుంభకర్ణుడు నన్ను లేపుతున్నాడే!" అని నవ్వాడు.

చెరువు గట్టు మీద జట్టు ఆడవాళ్లు చిన్నోణ్ణి చూశారు. ఒకామె జరిగి చోటిచ్చింది.

ఆలోచించండి

1. చిన్నోడు ముందు లేచే వేళనే ఎందుకు మార్చుకున్నాడు?
2. పొద్దున వెలుతురు వల్ల మేలు ఏమిటి?
3. మీ ఇంట్లో అందరూ ఏ వేళకు పడుకుంటారు? ఏ వేళకు లేస్తారు? ఒక వారం పాటు రాసి చూడండి.